జ్వరం తగ్గకముందే గుండె ఆపరేషనా?

“అమ్మా, జ్వరం ఇంకా నూట రెండు ఉంది. అది దిగకముందే గుండె కోస్తారా?”

సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒక తండ్రి ఐసీయూ బయట అడిగిన ప్రశ్న ఇది. లోపల ముప్పై దాటిన కొడుకు ఉన్నాడు. నేను చెన్నైలో గుండె ఆపరేషన్లకు మత్తు ఇచ్చే వైద్యురాలిని. మాది నెల్లూరు కాబట్టి గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి వైపు నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగే కుటుంబాలకు విషయం తెలుగులో వివరించే పని తరచూ నాకే వస్తుంది. మాటలు వేరైనా దాదాపు అందరూ అడిగేది ఇదే.

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. జ్వరంలో ఉన్న ఒంటిమీద కత్తి పెట్టకూడదన్నది మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న తెలివిడి. వైద్యులమైన మేము కూడా మోకాలి చిప్ప మార్పిడినో, కంటి శుక్లం ఆపరేషన్‌నో జ్వరం ఉంటే వాయిదా వేస్తాం. కానీ గుండెలోని అయోర్టిక్ వాల్వు చుట్టూ చీము చేరినప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ ఆపరేషన్ జరిగితేనే జ్వరం తగ్గుతుంది. జ్వరం తగ్గాక చూద్దామని కూర్చుంటే, చూడడానికి మనిషి మిగలకపోవచ్చు. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఆ వాల్వు ఏ చోట కూర్చుందో తెలియాలి.

గుండె ఎడమ కింది గది నుంచి ఒంటికంతా రక్తం బయలుదేరే గుమ్మం అయోర్టిక్ వాల్వు. దాని అవతల ఉన్నది బృహద్ధమని. గుమ్మం వెడల్పు రెండు, రెండున్నర సెంటీమీటర్లు, అంటే మన రూపాయి నాణేనికి కాస్త అటూ ఇటూ. దానికి మూడు పలచని రెక్కలు ఉంటాయి. అవి రోజుకు సుమారు లక్ష సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఇంత చిన్న గుమ్మానికి ఇరుగుపొరుగు మాత్రం చాలా కీలకమైనవాళ్లు. రెక్కలకు కాస్త పైన, బృహద్ధమని గోడలోనే, గుండెకు రక్తం పంపే రెండు కరోనరీ ధమనుల నోళ్లు ఉన్నాయి. వెనకవైపు గోడ, ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వుతో ఉమ్మడి గోడ. అక్కడ నారతో అల్లిన ఒక పలచని తెర తప్ప ఆ రెండు వాల్వుల మధ్య అడ్డు లేదు. కుడివైపు రెండు రెక్కలు కలిసే మూల కిందుగా, కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతాన్ని తీసుకెళ్లే ఏకైక తీగ పోతుంది.

అందుకే మేము ప్రతి ఉదయం ఈ రోగుల ఈసీజీ తీసి, నిన్నటి దాని పక్కన పెట్టి చూస్తాం. చార్టు మీద మొదట వచ్చే చిన్న గుట్ట పై గదుల సంకేతం, తర్వాత వచ్చే నిటారు శిఖరం కింది గదుల సంకేతం. వాటి మధ్య దూరం మామూలుగా ఐదు చిన్న గడులు దాటదు. నిన్న నాలుగు గడులున్నది ఈరోజు ఆరయిందంటే, చీము వాల్వు దాటి ఆ తీగ దాకా పాకుతోందని అనుమానించాలి. సూళ్లూరుపేట అబ్బాయి విషయంలో మమ్మల్ని తొందరపెట్టింది ఆ రెండు గడులే. తండ్రి చూస్తున్నది థర్మామీటరు, మేము చూస్తున్నది ఈసీజీ కాగితం. మా మధ్య అభిప్రాయభేదానికి మూలం అక్కడే ఉంది.

క్రిములు అక్కడికి ఎలా చేరతాయి? రక్తంలోకి క్రిములు రావడం అరుదైన సంగతి కాదు. పళ్లు తోముకున్నప్పుడు చిగురు చిట్లినా కొన్ని వస్తాయి, శరీరం వాటిని నిమిషాల్లో తుడిచేస్తుంది. వాల్వు నున్నగా ఉన్నంతవరకు అవి దానిమీద నిలవలేవు. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల గరుకుబారిన వాల్వు, పుట్టుకతోనే మూడు రెక్కలకు బదులు రెండే ఉన్న వాల్వు, ముందే మార్చిన కృత్రిమ వాల్వు అయితే వాటికి పట్టు దొరుకుతుంది. రెండు రెక్కల వాల్వు నూటికి ఒకరిద్దరిలో ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈ అబ్బాయికీ తెలియదు. నోటిలోని స్ట్రెప్టోకోకస్ రకాలు నెమ్మదిగా, వారాల తరబడి సన్నని జ్వరంతో పాడుచేస్తాయి. చర్మం మీది స్టాఫిలోకోకస్ ఆరియస్ అయితే ఆరోగ్యంగా ఉన్న వాల్వును కూడా వదలదు, రోజుల్లోనే తినేస్తుంది. ఈ జబ్బు పేరు ఎండోకార్డైటిస్. 1885లో విలియం ఆస్లర్ లండన్‌లో చేసిన ప్రసంగాలతో వైద్యులకు దాని రూపురేఖలు తెలిశాయి. పెన్సిలిన్ వచ్చేవరకు అది సోకితే దాదాపు మరణమే.

మరి ఇప్పుడు అంత మంచి మందులున్నాయి కదా, ఎందుకు చాలవు? పట్టు దొరికిన క్రిముల చుట్టూ రక్తపు ఫలకికలు (ప్లేట్‌లెట్లు), రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ పోగులు చేరి కాలీఫ్లవర్ తునకలాంటి గుత్తి తయారవుతుంది. దాన్ని మేము వెజిటేషన్ అంటాం. ఒక గ్రాము గుత్తిలో వంద కోట్లకు మించి క్రిములు ఉండవచ్చు. లోపలి క్రిములు దాదాపు నిద్రలో ఉంటాయి. చాలా యాంటీబయాటిక్‌లు పెరుగుతున్న క్రిమినే చంపగలవు, నిద్రపోతున్న దాన్ని కాదు. పైగా వాల్వు రెక్కలకు సొంత రక్తనాళాలు లేవనే చెప్పాలి, అందుకే రోగనిరోధక కణాలు లోపలి నుంచి చేరుకోలేవు. అయినా ఇన్ఫెక్షన్ రెక్కల మీదే ఉన్నంతకాలం నాలుగు నుంచి ఆరు వారాల ఇంజెక్షన్లతో చాలామందిలో నయమవుతుంది. చిక్కు గుమ్మం కట్టులోకి దిగినప్పుడు మొదలవుతుంది. చీము చేరిన గూట్లోకి రక్తమే సరిగా పోదు. రక్తం పోనిచోటికి మందు పోదు. సెగగడ్డ లేస్తే ఎన్ని మాత్రలు మింగినా చీము బయటికి పోతేనే నెమ్మదిస్తుందని మన పల్లెల్లో ఎవరైనా చెబుతారు. ఇదీ సెగగడ్డే. లేచిన చోటు మాత్రం గుండె నడిబొడ్డు.

నేను కుటుంబాలకు చెప్పే పోలిక ఇంకొకటి ఉంది. తలుపు రెక్కకు చెదలు పడితే రెక్క మార్చుకుంటాం. ద్వారబంధానికి పట్టి గోడలోకి పాకితే, కొత్త తలుపు తెచ్చి ఆ పుచ్చిన చెక్కకే మేకులు కొట్టి ఏం లాభం? మేకు నిలవదు, చెదలు ఆగదు. అయోర్టిక్ వాల్వు వ్యాధిలో క్లిష్టమైనది అంటే ఇదే: చెదలు ద్వారబంధం దాటడం. కొన్నిసార్లు గోడ పలచబడి బుడగలా ఉబ్బుతుంది. కొన్నిసార్లు చీము పక్క గదిలోకి తొలుచుకుని, రక్తం ఒక గది నుంచి మరో గదిలోకి అడ్డదారిన పోతుంది. వాల్వు చుట్టూ ఇలా పాకడం సహజమైన వాల్వుల్లో నూటికి పది నుంచి నలభై మందిలో కనిపిస్తుంది, అదీ అయోర్టిక్ వాల్వులోనే ఎక్కువ. కృత్రిమ వాల్వుల్లో మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఇన్ఫెక్షన్ కుట్లు పడిన వలయం దగ్గరే మొదలవుతుంది.

దీన్ని పసిగట్టడంలో రెండు చోట్ల సమయం పోతుంది. రెండూ ఇక్కడ వివరంగా చెప్పాలి, ఎందుకంటే వీటిలో రోగి కుటుంబం చేయగలిగింది కూడా ఉంది.

మొదటిది రక్తం కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి గుర్తుపట్టే పరీక్ష. ఏ క్రిమి అన్నది తెలియకుండా సరైన మందు ఎంచుకోలేం. అందుకు యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, మూడు వేర్వేరు చోట్ల సూది గుచ్చి, మూడు జతల సీసాల్లో రక్తం తీయాలి. మన దగ్గర జరిగేది వేరు. జ్వరం రాగానే ఊళ్లో రెండు రోజులు ఇంజెక్షన్, తగ్గకపోతే పట్టణంలో ఇంకో రకం, మళ్లీ తిరగబెడితే మరొకటి. ప్రతి సూదికీ జ్వరం కాస్త దిగుతుంది, క్రిమి చావదు, కల్చర్‌లో మాత్రం పెరగకుండా దాక్కుంటుంది. మూడు వారాల తర్వాత మా దగ్గరికి వచ్చేసరికి రిపోర్టులో ‘ఏ క్రిమీ పెరగలేదు’ అని ఉంటుంది. దాన్ని చూసి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మాకు అది చీకట్లో రాయి విసరడమే. గుండె వాల్వు జబ్బు ఉందని తెలిసిన మనిషికి కారణం తెలియని జ్వరం వారం దాటితే, మొదటి ఇంజెక్షన్‌కు ముందే రక్తం కల్చర్‌కు పంపమని అడగండి. ఈ ఒక్క మాట కోసమైనా ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

రెండోది ఎకో, అంటే ధ్వని తరంగాలతో గుండెను చూసే పరీక్ష. ఛాతీ మీద పెట్టి చూసే మామూలు ఎకో రెక్కల మీది గుత్తులను చాలావరకు పట్టుకుంటుంది, చీముగడ్డలను మాత్రం తరచూ వదిలేస్తుంది. 1991లో జర్మనీ వైద్యులు ప్రచురించిన లెక్కలో, ఆపరేషన్‌లో లేదా మరణం తర్వాత పరీక్షలో బయటపడిన చీముగడ్డల్లో మామూలు ఎకో చూపగలిగింది నూటికి 28 మాత్రమే. గొంతు ద్వారా అన్నవాహికలోకి గొట్టం దింపి చేసే ఎకో 87 చూపింది. అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనకే ఆనుకుని ఉంటుంది కాబట్టి ఈ తేడా. “ఒకసారి ఎకో తీశారు కదా, మళ్లీ గొంతులోకి గొట్టం ఎందుకు” అని అడిగేవారికి నా జవాబు ఈ రెండు అంకెలే. అప్పుడు ఏమీ కనబడకపోయినా అనుమానం బలంగా ఉంటే ఐదారు రోజుల్లో మళ్లీ చేయాలి. కృత్రిమ వాల్వు ఉన్నవారికి దాని లోహపు నీడ అడ్డం వస్తుంది, అప్పుడు సీటీ స్కాన్, కొందరికి పెట్ స్కాన్ సాయపడతాయి.

ఇక ఎప్పుడు కోయాలన్నది. రెక్క చిరిగి రక్తం వెనక్కి కారుతూ ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆగడానికి వీల్లేదు. ఎడమ గది ఆ హఠాత్తు బరువుకు సిద్ధంగా ఉండదు, గంటల్లో పరిస్థితి చేయి దాటవచ్చు. చీముగడ్డ, అడ్డదారి, కొత్తగా వచ్చిన విద్యుత్ అడ్డంకి ఉంటే రోజుల్లో చేయాలి. ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం 2023 మార్గదర్శకాలు ఇలాంటి వాటికి మూడు నుంచి ఐదు రోజులలోపు అంటున్నాయి. మూడో కారణం గుత్తి తెగి కొట్టుకుపోవడం. అయోర్టిక్ వాల్వు నుంచి తెగిన తునకకు ఎదురుగా ఉన్న మొదటి దారుల్లోనే మెదడుకు పోయే దారి ఉంది. పది మిల్లీమీటర్లు దాటి ఊగుతున్న గుత్తి ఉంటే పక్షవాతం ముప్పు ఎక్కువ, అదీ చికిత్స మొదలైన తొలి ఒకటి రెండు వారాల్లోనే ఎక్కువ. మందులతో రెండు వారాలు చూద్దామన్నప్పుడు మనం ఎదురుచూసేది సరిగ్గా ఆ ప్రమాదకరమైన రోజుల్లోనే.

దీన్ని నేరుగా పరీక్షించిన ఒక ప్రయోగం 2012లో కొరియా నుంచి వచ్చింది. పెద్ద గుత్తులు, బాగా పాడైన వాల్వు ఉన్న 76 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 48 గంటల్లో ఆపరేషన్, మరో గుంపుకు మామూలు పద్ధతి. ఆస్పత్రిలో మరణమో, ఆరు వారాల్లో తునక కొట్టుకుపోవడమో జరిగినవారు మొదటి గుంపులో నూటికి 3, రెండో గుంపులో 23. చిన్న ప్రయోగమే, అందులోనివారు వయసులో చిన్నవారు, బలమైనవారు. ఒక సంగతి తరచూ మరుగున పడుతుంది: చీముగడ్డ ఉన్నవారిని అసలు ఆ ప్రయోగంలో చేర్చుకోలేదు. వారికి ఆపరేషన్ ఆలస్యం చేయడం న్యాయం కాదని ముందే పక్కన పెట్టారు.

వెంటనే కోయకూడని సందర్భమూ ఉంది. ఆపరేషన్‌లో గుండె పనిని యంత్రం చేస్తుంది, ఆ యంత్రంలో రక్తం గడ్డకట్టకుండా పెద్ద మోతాదులో హెపారిన్ ఇవ్వాలి. మెదడులో అప్పటికే పెద్ద రక్తస్రావం జరిగి ఉంటే అది ప్రాణం తీస్తుంది. అలాంటప్పుడు వీలైతే నెల రోజులు ఆగుతాం. రక్తస్రావం లేని చిన్న పక్షవాతమైతే, మనిషి స్పృహలో ఉంటే, ఆగనక్కరలేదు. అందుకే ముందు తల సీటీ తీస్తాం. ఇక్కడ సర్జన్, కార్డియాలజిస్టు, నరాల వైద్యులు, ఇన్ఫెక్షన్ల నిపుణులు ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. అదే రోజు ప్రభుత్వ ఆరోగ్య పథకం అనుమతికీ, రక్తదాతలకూ ఇంట్లోవాళ్లు కదలాలి. కాగితాలకు పోయే రెండు రోజులు చీముకు కూడా రెండు రోజులే.

ఇన్ఫెక్షన్ మండుతుండగానే వాల్వు మార్చవచ్చని వైద్య ప్రపంచం నమ్మడానికీ కాలం పట్టింది. మందులకు లొంగని క్రిమి తినేసిన అయోర్టిక్ వాల్వును తీసి కృత్రిమ వాల్వు పెట్టి రోగిని బతికించామని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు 1965లో ప్రకటించారు. క్రిములున్న చోట కృత్రిమ వస్తువు పెడితే దానికీ పడుతుందన్న భయం అప్పటివరకు అందరిదీ. ఆ భయం పూర్తిగా తప్పు కాదు. కొత్త వాల్వుకు మళ్లీ సోకేవారు కొద్దిమంది ఉంటారు. కానీ పాతదాన్ని వదిలేస్తే కలిగే నష్టంతో పోలిస్తే అది చిన్నది.

ఆపరేషన్ బల్ల దగ్గరికి వద్దాం. ఛాతీ ఎముక మధ్యకు తెరిచాక సర్జన్ గుండెను వీలైనంత తక్కువగా తాకుతారు, కదిపితే గుత్తి తెగుతుందని. రక్తాన్ని యంత్రానికి మళ్లించి, బృహద్ధమనికి బిగింపు వేసి, పొటాషియం కలిపిన చల్లని ద్రవంతో గుండెను ఆపుతారు. బృహద్ధమనిని తెరిస్తే గుమ్మం కనిపిస్తుంది. రెక్కలు కోసి తీయడం కొన్ని నిమిషాల పని. అసలు పని ఆ తర్వాత. చీము గూటి పైకప్పు విప్పి, మెత్తబడి రంగు మారిన కణజాలాన్నంతా కోసుకుంటూ, గట్టిగా తాజాగా కనిపించే చోటు వచ్చేవరకు పోవాలి. ఒక మిల్లీమీటరు వదిలేస్తే అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. ఒక మిల్లీమీటరు ఎక్కువ పోతే విద్యుత్ తీగ తెగవచ్చు. నేను చూసిన మంచి సర్జన్లు ఈ తూకంలో ఒకవైపే మొగ్గుతారు. తీగ పోతే పేస్‌మేకర్ ఉంది, మిగిలిపోయిన చీముకు మందు లేదు. తీసిన ముక్కలు కల్చర్‌కూ, సూక్ష్మదర్శిని పరీక్షకూ, క్రిమి జన్యువులు వెతికే పీసీఆర్‌కూ వెళతాయి. రక్తంలో దొరకని క్రిమి చాలాసార్లు ఇక్కడ దొరుకుతుంది. తర్వాత చేతి తొడుగులు, వాడిన పనిముట్లు మార్చి శుభ్రమైన వాటితో కట్టడం మొదలుపెడతారు.

కట్టడానికి మార్గాలు పోగొట్టుకున్నదాన్ని బట్టి ఉంటాయి. గూడు చిన్నదైతే రోగి సొంత గుండె పొర ముక్కతోనో, శుద్ధిచేసిన ఆవు గుండె పొరతోనో అతుకు వేసి, దానిమీద వాల్వు కుడతారు. గుమ్మం కట్టంతా పోతే బృహద్ధమని మొదలునే తీసేసి, వాల్వు అమర్చిన గొట్టాన్ని పెట్టి, కరోనరీ నోళ్లను బొత్తాల్లా కోసి దానికి కుడతారు. 1968లో హ్యూ బెంటాల్, ఆంటొనీ డి బోనో వివరించిన పద్ధతి ఇది. మైట్రల్‌తో ఉమ్మడి తెర కూడా పోతే రెండు వాల్వులూ తీసి, మధ్య గోడను అతుకుతో మళ్లీ నిర్మించి, రెండింటినీ కొత్తవి పెట్టాలి. టొరంటోకు చెందిన టైరోన్ డేవిడ్ పేరు దీనితో ముడిపడి ఉంది. సర్జన్లు దీన్ని కమాండో ఆపరేషన్ అంటారు. గంటల తరబడి సాగే ఈ పని అందరూ చేయరు, చేయగలిగిన చోటికి సమయానికి చేరడమే చికిత్సలో సగం.

మరో దారి మరణించిన దాత ఇచ్చిన మానవ వాల్వు, హోమోగ్రాఫ్ట్. 1962లో లండన్‌లో డొనాల్డ్ రాస్, ఆక్లండ్‌లో బ్రయన్ బారెట్ బాయిస్ దీన్ని మొదలుపెట్టారు. ద్రవ నత్రజని చలిలో భద్రపరిచి వాడతారు. మెత్తగా ఉండి గరుకు గోడకు చక్కగా అమరుతుంది, దానితో వచ్చే మైట్రల్ రెక్క భాగంతో పక్క రంధ్రం మూసుకోవచ్చు. అయితే ఏళ్లు గడిచేకొద్దీ అది సున్నం పట్టి గట్టిపడుతుంది, అవసరమైన కొలత అవసరమైన రాత్రి దొరకడమూ కష్టం. గుండె మార్పిడికి పనికిరాని గుండెలోనూ పనికివచ్చే వాల్వులు ఉండవచ్చు. అవయవదానం గురించి మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్లలో ఈ సంగతి కూడా వినిపించాలని నా కోరిక.

కుటుంబాలు ఎక్కువగా అడిగేది ఏ వాల్వు వేస్తారని. అది ముఖ్యమే. లోహపు వాల్వు దశాబ్దాలు నిలుస్తుంది, కానీ జీవితాంతం అసిట్రోమ్‌లాంటి రక్తం పలచబరిచే మాత్రలు, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షలు తప్పవు. పిల్లలు కావాలనుకునే స్త్రీకి ఆ మాత్రలు చిక్కు తెస్తాయి. జంతు కణజాలపు వాల్వుకు ఆ మాత్రలు సాధారణంగా కొన్ని నెలలకు మించి అక్కరలేదు, కానీ పది పదిహేనేళ్లకు, వయసులో చిన్నవారికి ఇంకా ముందే, పాడవుతుంది. అది ఆవుదా, పందిదా అని కొందరు ఇబ్బందిపడుతూ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే, ముందే తెలుసుకోవడం వారి హక్కు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో తయారై, 1990లో మొదటిసారి మనిషికి అమర్చిన చిత్ర వాల్వు ఖర్చు తక్కువలో దొరికే లోహపు రకం. అయితే ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా ఉండడం వాల్వు రకం మీద కన్నా, చెడినదంతా తీశారా లేదా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే నేను కుటుంబాలతో అంటాను: “ఏది పెడుతున్నారు అని అడిగినట్టే, చీము ఎంతవరకు పాకింది, ఎంత తీయాల్సి వస్తుంది అని కూడా అడగండి.”

ఇదంతా చేసినా అందరూ బతకరు. ఎండోకార్డైటిస్‌తో చేరినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఆస్పత్రిలోనే చనిపోతారు, చీముగడ్డ ఉన్నవారిలో ముప్పు ఇంకా ఎక్కువ. ఆ తండ్రికి ఈ మాట కూడా చెప్పాను. దాచిపెట్టి సంతకం తీసుకోవడం నాకు చేతకాదు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆగితే?” అన్నారు. ఆగితే ఈసీజీలో గడులు ఇంకా పెరుగుతాయని, ఒక రాత్రి గుండె కొట్టుకోవడమే ఆగవచ్చని చెప్పాను. మరుసటి ఉదయం ఆపరేషన్ జరిగింది.

గూడు మేము ఎకోలో చూసినదానికన్నా పెద్దదిగానే ఉంది. తీగ మిగలలేదు. తాత్కాలిక తీగలతో గుండెను నడిపి, సొంత లయ తిరిగి రాదని తేలాక పదో రోజు పేస్‌మేకర్ పెట్టారు. జ్వరం ఆపరేషన్ అయిన మూడో రోజుకు దిగింది. వాల్వు ముక్కలోనూ క్రిమి పెరిగింది కాబట్టి ఇంజెక్షన్ల లెక్క ఆపరేషన్ రోజు నుంచి మళ్లీ మొదలై ఆరు వారాలు సాగింది.

ఇంటికి వెళ్లేరోజు ఆ తండ్రి జేబులోంచి ఒక అట్టముక్క తీసి, పళ్ల డాక్టరుకు ఏం చెప్పాలో తెలుగులో రాసిమ్మన్నారు. వాల్వు మార్చినవారికీ, ఒకసారి ఈ జబ్బు వచ్చినవారికీ అది జీవితాంతం కావలసిన కాగితం. ఇలా రాశాను: “నాకు గుండె వాల్వు మార్చారు. పన్ను పీకే ముందు, చిగురు కోసే ముందు అరగంట నుంచి గంట ముందుగా అమాక్సిసిలిన్ రెండు గ్రాములు ఇవ్వాలి. నాకు పెన్సిలిన్ పడదని ఎవరూ చెప్పలేదు. జ్వరం వస్తే, ఏ ఇంజెక్షన్ ఇవ్వకముందే రక్తం కల్చర్‌కు తీయండి.”